పడ్డాడా, పడగొట్టారా? ఫుట్‌బాల్ పెనాల్టీ వివాదాలపై ఒక సమీక్ష

ఫుట్‌బాల్ అభిమానుల మధ్య తరతరాలుగా సాగుతున్న వాదాలలో పెనాల్టీని గురించిన వాదమే అన్నిటికన్నా పదునైనది. గోల్ వైపు దూసుకుపోతున్న ఆటగాడు ప్రత్యర్థి డిఫెండర్ పక్కన నేలకూలినప్పుడు, అతన్ని ఎవరైనా పడగొట్టారా, లేక రిఫరీని నమ్మించడానికి తానే పడ్డాడా అన్నది క్షణాల్లో తేలాలి. తేల్చవలసినవాడు ఒక్క రిఫరీ, చూస్తున్నవారు మాత్రం స్టేడియంలో వేలమంది, టెలివిజన్ ముందు కోట్లమంది. కావాలని పడిపోవడాన్ని ఆటగాళ్లూ అభిమానులూ డైవింగ్ అంటారు. ఆట నిబంధనలు దాన్ని సిమ్యులేషన్ అనే పేరుతో, అంటే ఫౌల్ జరిగినట్టు గానీ దెబ్బ తగిలినట్టు గానీ నటించి రిఫరీని మోసగించే ప్రయత్నంగా గుర్తిస్తాయి. ఈ వివాదంలో నిజానికి మూడు వేర్వేరు ప్రశ్నలు కలగాపులగమై ఉన్నాయి: ఏం జరిగిందన్న వాస్తవం, జరిగినదానికి నిబంధన ఏ పేరు పెడుతుందన్న వ్యాఖ్యానం, విధించిన శిక్ష తప్పుకు తగినదేనా అన్న న్యాయం. ఇటీవల ప్రవేశించిన సాంకేతికత మొదటి ప్రశ్నకు చాలావరకు జవాబు చెప్పగలిగినా, అభిమానులు హోరాహోరీగా తలపడేది ఎక్కువగా మిగిలిన రెండిటిపైనే కాబట్టి, కెమెరాలు పెరిగినకొద్దీ వాదం తగ్గుతుందన్న ఆశ నెరవేరలేదు.

పెనాల్టీ పుట్టుక, దాని బరువు

తొలినాటి ఫుట్‌బాల్‌లో ఒక్కొక్క జట్టు తరఫున ఒక్కొక్క అంపైర్ ఉండేవాడు. ఆటగాళ్లు అప్పీలు చేస్తేనే వారు తీర్పు చెప్పేవారు, వారిద్దరికీ ఏకాభిప్రాయం కుదరనప్పుడు మైదానం వెలుపల ఉన్న రిఫరీని అడిగేవారు. పెద్దమనుషులు ఆడే ఆటలో కావాలని తప్పు చేసేవాడు ఉండడన్న నమ్మకమే ఆ ఏర్పాటుకు ఆధారం. గోల్ తథ్యమైన స్థితిలో చేతితో బంతిని ఆపినా, ఫార్వర్డ్‌ను కాలడ్డి పడగొట్టినా మామూలు ఫ్రీ కిక్కే దక్కుతుండటంతో, ఐర్లండ్‌లోని అర్మా ప్రాంతపు మిల్‌ఫర్డ్ జట్టు గోల్‌కీపర్ విలియం మెక్రమ్ పెనాల్టీ కిక్‌ను ప్రతిపాదించాడు. ఐర్లండ్ సంఘం దాన్ని 1890లో నిబంధనల రూపకల్పన సంస్థ అయిన ఇంటర్నేషనల్ ఫుట్‌బాల్ అసోసియేషన్ బోర్డు, క్లుప్తంగా ఐఎఫ్ఏబీ, ముందుంచింది. పెద్దమనిషి కావాలని తప్పు చేస్తాడని నిబంధనలోనే రాయడం అవమానకరమని ఇంగ్లండ్‌లోని అమెచ్యూర్ వర్గాలు అభ్యంతరం చెప్పినా, 1891 జూన్ 2న బోర్డు దాన్ని ఆమోదించింది. అదే ఏడాది రిఫరీ మైదానంలోకి వచ్చి అప్పీలుతో పని లేకుండా తీర్పు చెప్పే అధికారం పొందాడు, అంపైర్లు లైన్స్‌మెన్‌గా గీతల దగ్గరకు వెళ్లారు. ఆటగాడి నిజాయితీ మీద అపనమ్మకం, రిఫరీ మీద సంపూర్ణ భారం ఒకే ఏడాది నిబంధనలకెక్కాయన్నమాట.

మొదట గోల్‌కు 12 గజాల దూరంలో గీసిన గీత మీద ఎక్కడినుంచైనా ఈ కిక్ కొట్టేవారు. నిర్ణీత బిందువు, దీర్ఘచతురస్రాకారపు పెనాల్టీ ఏరియా 1902లో వచ్చాయి. నేడు ఆ ఏరియా గోల్ రేఖ నుంచి 16.5 మీటర్ల లోతు, 40.3 మీటర్ల వెడల్పు ఉంటుంది. అందులో రక్షణ జట్టు చేసే ఏ డైరెక్ట్ ఫ్రీ కిక్ నేరానికైనా, అంటే నేరుగా గోల్‌లోకి కొట్టే వీలున్న కిక్‌కు అర్హమైన ఏ తప్పుకైనా, పెనాల్టీయే శిక్ష. మ్యాచ్ సమంగా ముగిసినప్పుడు విజేతను తేల్చే పెనాల్టీ షూటౌట్ దీనికి వేరు. 2022 మార్చి 20న ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ను ఓడించి హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది షూటౌట్‌లోనే గానీ, అక్కడ ఎవరి తప్పునూ శిక్షించే ప్రసక్తి ఉండదు.

వివాదానికి మూలం ఈ శిక్ష బరువులో ఉంది. మేటి లీగ్‌లలో మ్యాచ్‌కు సగటున రెండున్నర నుంచి మూడు గోల్స్ మాత్రమే నమోదయ్యే ఆటలో, నాలుగింట మూడుసార్లకు పైగా గోల్‌గా మారే పెనాల్టీ దక్కడమంటే మ్యాచ్ ఫలితంలో పెద్ద వాటా చేతికి రావడమే. ఏరియా మూలలో గోల్‌కు వీపు తిప్పి నిలిచిన ఆటగాడికి గోల్ కొట్టే అవకాశం దాదాపు లేకపోయినా, అతన్ని అక్కడ పడగొడితే అదే పెనాల్టీ. అడుగు ఇవతల పడగొడితే గోడ కట్టి ఆపగలిగే ఫ్రీ కిక్. పోయిన అవకాశానికీ వచ్చే ప్రతిఫలానికీ మధ్య ఇంత తేడా ఉన్నచోట పడిపోవడం లాభసాటి అవుతుందన్న వాదన నైతికత కన్నా లెక్క మీద ఆధారపడినది, బహుశా అందుకే మరింత బలమైనది.

నిబంధన చెప్పేది, అభిమాని అడిగేది

రీప్లే చూసిన అభిమాని సాధారణంగా అడిగే మొదటి ప్రశ్న, కాలు తగిలిందా లేదా అన్నది. నిబంధనలలోని 12వ సూత్రం అడిగే ప్రశ్న వేరు. ప్రత్యర్థిని తన్నడం, కాలడ్డడం, నెట్టడం, మీదికి దూకడం వంటి చర్యలు అజాగ్రత్తగా గానీ, దుడుకుగా గానీ, మితిమీరిన బలంతో గానీ జరిగితే ఫౌల్ అవుతాయి: అజాగ్రత్త అంటే తగిన చూపు లేకుండా ఆడటం, దానికి కార్డు అక్కర్లేదు, దుడుకు అంటే ఎదుటివాడికి కలిగే ప్రమాదాన్ని లెక్కచేయకపోవడం, దానికి పసుపు కార్డు, మితిమీరిన బలం అంటే ఎదుటివాడి శరీరానికి ముప్పు తేవడం, దానికి ఎర్ర కార్డు. ఫుట్‌బాల్‌లో శరీరాలు తగలడం సహజం కాబట్టి తాకిడి దానంతటదే నేరం కాదు. అంతేకాక, తన్నబోవడం, కాలడ్డబోవడం కూడా నేరాలే కాబట్టి తాకిడి లేనంతమాత్రాన ఫౌల్ లేదనడానికీ వీల్లేదు. దూసుకొచ్చే కాలి నుంచి తప్పించుకోవడానికి గాల్లోకి ఎగిరి తూలిపడిన ఆటగాడు మోసగాడు కాకపోవచ్చు.

సిమ్యులేషన్ ఆటస్ఫూర్తికి విరుద్ధమని, ఎక్కడ జరిగినా దాన్ని శిక్షించాలని ఐఎఫ్ఏబీ 1999లో నిబంధనలలో స్పష్టం చేసింది; నేడు దానికి పసుపు కార్డు చూపుతారు. ఇక్కడ ఒక అసమానత ఉంది. ఫౌల్‌ను నిర్ధారించడానికి డిఫెండర్ ఉద్దేశంతో పనిలేదు, చర్య తీరు చాలు. సిమ్యులేషన్‌ను నిర్ధారించడానికి మాత్రం పడినవాడి మనసులో మోసగించే ఉద్దేశం ఉందని రిఫరీ నమ్మాలి. పరుగులో ఉన్న శరీరాన్ని బయటినుంచి చూసి లోపలి ఉద్దేశాన్ని ఊహించడం కష్టం కావడంతో, అనుమానం ఉన్నచోట చాలామంది రిఫరీలు పెనాల్టీ ఇవ్వరు, కార్డూ చూపరు, ఆట సాగనిస్తారు. మోసం పారితే ప్రతిఫలం పెద్దది, పారకపోతే తరచు నష్టమే లేదు.

దీనికన్నా లోతైన చిక్కు మరొకటి ఉంది. ఒకే సంఘటనలో నిజమైన ఫౌలూ, దానికి తగిలించిన అతిశయమూ రెండూ ఉండవచ్చు: డిఫెండర్ అజాగ్రత్తగా కాలు పెట్టాడు, ఫార్వర్డ్ నిలదొక్కుకోగలిగి కూడా పడిపోయాడు. ఉత్తర అమెరికాలోని నేషనల్ హాకీ లీగ్ నిబంధనల ప్రకారం ఐస్ హాకీ రిఫరీ ఇద్దరినీ శిక్షించవచ్చు. ఫుట్‌బాల్‌లో మాత్రం ఆచరణ ఏదో ఒకదాన్ని ఎంచుకోమంటుంది: ఫౌల్ అని తేలితే అతిశయాన్ని పట్టించుకోరు, నటన అని తేలితే ఫౌల్‌ను వదిలేస్తారు. ఒకరు ఫౌల్‌ను, మరొకరు నటనను చూపించి ఇద్దరూ తమ మాటే నిజమని నిలబడగలగడానికి కారణం ఇదే.

ప్రపంచ కప్ సాక్ష్యాలు

1974 జూలై 7న మ్యూనిక్‌లో జరిగిన ప్రపంచ కప్ ఫైనల్ ఈ చర్చకు తొలి ప్రసిద్ధ ఉదాహరణ. జర్మన్ ఆటగాడొకడైనా బంతిని తాకకముందే యోహాన్ క్రైఫ్‌ను పడగొట్టినందుకు ఇంగ్లిష్ రిఫరీ జాక్ టేలర్ నెదర్లాండ్స్‌కు పెనాల్టీ ఇచ్చాడు, దాన్ని నీస్కెన్స్ గోల్‌గా మలిచాడు. 25వ నిమిషంలో విమ్ యాన్సెన్ టాకిల్‌కు బెర్న్ట్ హోల్‌ట్సెన్‌బైన్ నేలకూలినప్పుడు ఆతిథ్య జట్టుకూ పెనాల్టీ దక్కింది. పశ్చిమ జర్మనీ 2-1తో గెలిచింది, రెండో పెనాల్టీ నటనకు దక్కిన బహుమతా అన్న వాదం దశాబ్దాలు సాగింది. కాలడ్డబోవడమూ నేరమే కాబట్టి టేలర్ తీర్పును నిబంధన సమర్థిస్తుందనేవారు, పడిన తీరు చూస్తే అది డైవేననేవారు ఒకే దృశ్యాన్ని సాక్ష్యంగా చూపారు. 1990 రోమ్ ఫైనల్‌లో పశ్చిమ జర్మనీ ఆటగాడు రూడీ ఫోలర్ పడిపోగా 85వ నిమిషంలో దక్కిన పెనాల్టీని బ్రేమే గోల్ చేసి అర్జెంటీనాను ఓడించాడు. అర్జెంటీనా అభిమానుల ఫిర్యాదులో ఆ ఒక్క తీర్పే కాక, కొద్దిసేపటి ముందు తమ కాల్డెరోన్ పడిపోయినప్పుడు పెనాల్టీ ఇవ్వకపోవడమూ ఉంది. తీర్పు ఒప్పా తప్పా అన్నదాని నుంచి రెండు జట్లకూ ఒకే కొలబద్ద వాడారా అన్నదానికి వాదం ఎలా జరుగుతుందో ఇక్కడ కనిపిస్తుంది.

2014 జూన్ 29న ఫోర్టలేజాలో నెదర్లాండ్స్ చేతిలో మెక్సికో ఓటమి ఈ చిక్కును ఇంకా స్పష్టంగా చూపింది. చివరి క్షణాల్లో రఫాయెల్ మార్కెజ్ కాలు తగిలి ఆర్యెన్ రాబెన్ పడిపోగా హంటెలార్ పెనాల్టీతో గెలిపించాడు. మొదటి అర్ధభాగంలో తాను కావాలని పడినందుకు క్షమాపణ చెప్పిన రాబెన్, పెనాల్టీ మాత్రం నిజమైనదేనన్నాడు. ఒప్పుకున్న నటన తరువాతి ఫౌల్ విశ్వసనీయతను కూడా మింగేసింది. అది పెనాల్టీ కాదన్న మాట మెక్సికోలో నినాదంగా మారింది.

వీటికి భిన్నమైన మరో కోవ ఉంది. 1986లో ఇంగ్లండ్‌పై మారడోనా చేతితో కొట్టిన గోల్, 2009 నవంబరు 18న ఐర్లండ్‌పై చేతితో బంతిని అదుపు చేసి థియరీ ఆన్రీ అందించిన గోల్, 2010లో జర్మనీపై గీత దాటినా లెక్కకు రాని లాంపార్డ్ గోల్ వ్యాఖ్యానానికి తావులేని వాస్తవ దోషాలు. అలాంటి సందర్భాలలో మ్యాచ్ మళ్లీ ఆడించాలని అభిమానులు కోరినా, ఆటకు సంబంధించిన వాస్తవాలపై రిఫరీ తీర్పే తుది తీర్పని నిబంధన చెబుతుంది కాబట్టి ఆ కోరిక చెల్లదు. నిబంధననే తప్పుగా వర్తింపజేయడం మాత్రం వేరు సంగతి: 2005 సెప్టెంబరులో బహ్రెయిన్‌తో ప్రపంచ కప్ అర్హత పోటీలో ఉజ్బెకిస్తాన్ పెనాల్టీని గోల్ చేసినప్పుడు, దాని ఆటగాడు ముందుగా ఏరియాలోకి అడుగుపెట్టినందున కిక్ మళ్లీ కొట్టించవలసిన రిఫరీ ప్రత్యర్థికి ఫ్రీ కిక్ ఇచ్చాడు. ఫీఫా మొత్తం మ్యాచ్‌ను రద్దుచేసి మళ్లీ ఆడించింది. అప్పటికి 1-0తో గెలిచిన ఉజ్బెకిస్తాన్ చివరికి పోటీ నుంచి నిష్క్రమించింది.

చూసే కన్ను, వినే చెవి

అభిమానుల తీర్పులు పక్షపాతంతో కూడినవనడం తేలిక. ఆ పక్షపాతం ఎలా పనిచేస్తుందో పరిశోధనలు చూపాయి. 1951లో ప్రిన్స్‌టన్, డార్ట్‌మత్ విశ్వవిద్యాలయాల మధ్య జరిగిన అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ ఫిల్మును రెండు చోట్లా విద్యార్థులకు చూపించి హాస్టార్ఫ్, కాంట్రిల్ 1954లో ప్రచురించిన అధ్యయనంలో, డార్ట్‌మత్ జట్టు చేసిన తప్పులు డార్ట్‌మత్ విద్యార్థులకు కనిపించినదానికి రెట్టింపుగా ప్రిన్స్‌టన్ విద్యార్థులకు కనిపించాయి. అబద్ధమాడుతున్నవారు ఎవరూ లేరు. ఏది చూడాలో విధేయతే ఎంచి పెడుతోంది.

రిఫరీ కూడా దీనికి పూర్తిగా అతీతుడు కాడు. నెవిల్, బామర్, విలియమ్స్ 2002లో ప్రచురించిన ప్రయోగంలో 40 మంది రిఫరీలకు ఒకే మ్యాచ్‌లోని టాకిల్స్ చూపించగా, ప్రేక్షకుల అరుపులు విన్నవారు ఆతిథ్య జట్టుపై ప్రకటించిన ఫౌల్స్, నిశ్శబ్దంలో చూసినవారు ప్రకటించినవాటికన్నా 15.5 శాతం తక్కువ. కోవిడ్ కాలంలో ఖాళీ స్టేడియాల్లో జరిగిన మ్యాచ్‌లలో పర్యాటక జట్లకు పసుపు కార్డులు తగ్గడం కూడా ఆ దిశనే సూచించింది. రిఫరీ అమ్ముడుపోయాడనే ఆరోపణకు ఈ ఫలితాలు ఆధారం కావు. రెప్పపాటులో తీర్పు చెప్పవలసినవాడు అందుబాటులో ఉన్న ప్రతి సంకేతాన్నీ, శబ్దాన్ని సహా, తెలియకుండానే వాడుకుంటాడని మాత్రం చెబుతాయి.

డైవింగ్ గురించి జరిగిన పరిశీలనలు కొన్ని నమ్మకాలను సవరించాయి. 2011లో వెలువడిన ఒక అధ్యయనం 60 మ్యాచ్‌లలో సుమారు 2,800 సార్లు ఆటగాళ్లు పడటాన్ని పరిశీలించి, వాటిలో 6 శాతం మాత్రమే డైవ్‌లని, అవి ప్రత్యర్థి గోల్‌కు దగ్గరలో, స్కోరు సమంగా ఉన్నప్పుడు ఎక్కువని తేల్చింది. అంటే డైవింగ్ అభిమానులు అనుకునేంత తరచుగా జరగదు, జరిగేది ప్రతిఫలం ఎక్కువ ఉన్నచోట. పాల్ మోరిస్, డేవిడ్ లూయిస్ పరిశోధన నటించేవారి శరీరభాషను వివరించింది: నిజంగా తూలినవాడు సహజంగా చేతులు ముందుకు చాచి నేలను ఆపుకోబోతాడు, నటించేవాడు తరచు చేతులు పైకెత్తి, ఛాతీ ముందుకు విరిచి, మోకాళ్లు వెనక్కి మడిచి విల్లులా వంగుతాడు. డైవింగ్ విదేశీయులు తెచ్చిన జాడ్యమని ఇంగ్లండ్‌లో ఒకప్పుడు బలంగా వినిపించిన మాట, 1970ల మొదట్లో పెనాల్టీలు సంపాదించడంలో పేరుమోసిన మాంచెస్టర్ సిటీ ఫార్వర్డ్ ఫ్రాన్సిస్ లీ వంటి స్వదేశీయులను మరచిపోవడం వల్లనే నిలిచింది.

శిక్షలు, ఒప్పుకోళ్లు

మ్యాచ్ ముగిశాక వీడియో చూసి శిక్షించడం మైదానంలో దొరకని మోసగాడికి ఒక మందుగా భావించబడింది. 1995లో కార్ల్స్‌రూపై డైవ్ చేసి పెనాల్టీ సంపాదించిన డార్ట్‌మండ్ ఆటగాడు ఆండ్రియాస్ మోలర్, దెబ్బ తగలకుండా ముందుజాగ్రత్తగా పడ్డానని చెప్పుకున్నా, జర్మన్ సంఘం అతనికి రెండు మ్యాచ్‌ల నిషేధం, 10,000 మార్కుల జరిమానా విధించింది. 2002లో టర్కీ ఆటగాడు ఉన్సాల్ కొట్టిన బంతి కాలికి తగిలితే ముఖం పట్టుకుని పడిపోయిన బ్రెజిల్ ఆటగాడు రివాల్డోకు ఫీఫా జరిమానాతో సరిపెట్టింది, ఎర్ర కార్డు పొందిన ఉన్సాల్‌కు జరిగిన నష్టం మాత్రం తీరలేదు. 2009లో సెల్టిక్‌పై పెనాల్టీ సంపాదించిన ఆర్సెనల్ ఆటగాడు ఎడ్వార్డోపై యూరోపియన్ సమాఖ్య వేసిన రెండు మ్యాచ్‌ల నిషేధం అప్పీలులో వీగిపోవడం, ఉద్దేశాన్ని రుజువు చేయడం ఎంత కష్టమో చూపింది. ఇంగ్లండ్‌లో 2017 నుంచి అమలైన ఇలాంటి విధానంలో ప్రీమియర్ లీగ్ నుంచి తొలి నిషేధం ఎవర్టన్ ఆటగాడు ఉమర్ నియాస్‌కు పడింది. వీటన్నిటిలోనూ ఫలితం మారదు. మోసపోయిన జట్టు ఓటమి అలాగే ఉంటుంది, లాభం పొందేది నిషేధకాలంలో ఆ ఆటగాణ్ని ఎదుర్కొనే మరో జట్టు.

మరోవైపు నిజాయితీకి ఉదాహరణలూ లేకపోలేదు. 1997లో ఆర్సెనల్‌పై తనకు దక్కిన పెనాల్టీ సరికాదని లివర్‌పూల్ ఆటగాడు రాబీ ఫౌలర్ సైగ చేసినా రిఫరీ మార్చుకోలేదు. 2014లో వెర్డర్ బ్రెమెన్ ఆటగాడు ఆరన్ హంట్ తాను కావాలని పడ్డానని ఒప్పుకోగా రిఫరీ పెనాల్టీని రద్దుచేశాడు. ఇలాంటివారిని అందరూ మెచ్చుకుంటారు గానీ, ఈ మెప్పు ఆటగాడి గుణానికే తప్ప ఆట విధానానికి దక్కేది కాదు. నిలబడి ఆడబోయి అవకాశం కోల్పోయినవాడికి ఏమీ ఇవ్వని వ్యవస్థ నిజాయితీని కోరుతూనే దాన్ని నష్టపరుస్తోంది.

వీడియో వచ్చాక

లాంపార్డ్ గోల్ ఉదంతం తరువాత 2012లో గోల్‌లైన్ సాంకేతికతకు ఆమోదం లభించింది, 2014 ప్రపంచ కప్‌లో వాడారు. బంతి గీత దాటిందా అన్న వాదం దానితో దాదాపు ముగిసింది. ఈ విజయమే వీడియో అసిస్టెంట్ రిఫరీ, అంటే వీఏఆర్ మీద ఆశలు పెంచింది. 2016లో ప్రయోగాలకు, 2018 మార్చిలో నిబంధనలలో చేర్చడానికి ఐఎఫ్ఏబీ అంగీకరించిన ఈ విధానంలో గోల్, పెనాల్టీ, నేరుగా చూపే ఎర్ర కార్డు, ఒకరికి బదులు మరొకరిని శిక్షించడం అనే నాలుగు విషయాలనే సమీక్షించేలా రూపొందించారు. అదీ స్పష్టంగా, నిస్సందేహంగా పొరపాటు జరిగినప్పుడు గానీ, తీవ్రమైన సంఘటన రిఫరీ కంట పడనప్పుడు గానీ.

2018 ప్రపంచ కప్‌లో అంతకుముందు 18గా ఉన్న పెనాల్టీల రికార్డు 29కి చేరింది. కోస్టారికాపై నెయ్‌మార్ పడిపోయి సంపాదించిన పెనాల్టీ వీడియో చూశాక రద్దయింది. డైవింగ్‌ను పట్టుకోవడంలో వీఏఆర్ ఉపయోగం అక్కడ స్పష్టమైనా, అదే పోటీ ఫైనల్‌లో క్రొయేషియా ఆటగాడు పెరిషిచ్ చేతికి బంతి తగిలినందుకు రీప్లే చూసి ఇచ్చిన పెనాల్టీపై ఏకాభిప్రాయం కుదరలేదు. బంతి చేతికి తగిలిందని అందరూ ఒప్పుకున్నారు. ఆ చెయ్యి ఉండవలసిన చోట ఉందా అన్నది కెమెరా చెప్పలేదు. నెమ్మదిగా తిప్పిన దృశ్యం రిఫరీలను మరింత కఠినమైన కార్డు వైపు మొగ్గేలా చేస్తుందని బెల్జియంలో జరిగిన పరిశోధన చూపింది. సాక్ష్యం పెరిగినా అది నిష్పాక్షికమైనదని అనుకోనక్కర్లేదు.

క్రికెట్‌లో నిర్ణయ సమీక్ష విధానం, అంటే డీఆర్‌ఎస్, అలవాటైన తెలుగు ప్రేక్షకులకు ఈ తేడా తేలికగా అందుతుంది. ఎల్బీడబ్ల్యూలో బంతి ఎక్కడ పడింది, ఎక్కడ తగిలింది, వికెట్లకు తగిలేదా అన్నవి కొలతలు. కొలత హద్దులో ఉన్నచోట అంపైర్ తీర్పే నిలుస్తుందని ముందే రాసిపెట్టారు. ఫౌల్‌ను కొలిచే సాధనం లేదు. పైగా తప్పు నిస్సందేహమైనదా కాదా అన్నదే మరో అభిప్రాయం కావడంతో, ఒక రిఫరీ విచక్షణ మీద మరో రిఫరీ విచక్షణ వచ్చి కూర్చుంది. 2023 సెప్టెంబరు 30న టాటన్‌హామ్‌పై లివర్‌పూల్ ఆటగాడు లూయిస్ డియాజ్ కొట్టిన సరైన గోల్, వీఏఆర్ గది మైదానంలోని తీర్పును పొరపాటుగా అర్థం చేసుకున్నందువల్ల రద్దుకావడంతో యంత్రం వెనుక మనుషులున్నారన్నది మరోసారి రుజువైంది.

అభిమానులు ఈ విధానాన్ని ఒకే తీరున స్వీకరించలేదు. క్లబ్బులలో సభ్యుల మాట చెల్లే స్వీడన్‌లో వారి వ్యతిరేకత వల్ల 2024లో వీఏఆర్ ఆలోచన ఆగింది. నార్వేలో అభిమానులు మైదానంలోకి టెన్నిస్ బంతులు, చేప కేకులు విసిరి 2024 జూలైలో ఒక మ్యాచ్‌నే ఆపేయించినా, 2025 మార్చిలో ఆ దేశ సమాఖ్య దాన్ని కొనసాగించింది. ఇంగ్లండ్‌లో వీఏఆర్‌ను ఎత్తివేయాలన్న వూల్వ్స్ క్లబ్ ప్రతిపాదన 2024లో 19-1 ఓట్లతో వీగిపోయింది. అభిమానుల అసంతృప్తి పొరపాట్ల మీద మాత్రమే కాదు. గోల్ పడగానే కేరింత కొట్టే హక్కు నిమిషాలపాటు వాయిదాపడటం మీద కూడా.

వీడియో సహాయం లేని భారత లీగ్‌లో ఇబ్బంది మరో రూపంలో కనిపించింది. 2023 మార్చి 3న బెంగళూరులో కేరళ బ్లాస్టర్స్ సిద్ధంకాకముందే బెంగళూరు జట్టు ఆటగాడు సునీల్ ఛెత్రి కొట్టిన ఫ్రీ కిక్‌ను రిఫరీ గోల్‌గా అంగీకరించగా కేరళ జట్టు మైదానం వీడింది. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆ జట్టుకు 4 కోట్ల రూపాయల జరిమానా, కోచ్ వుకొమనోవిచ్‌కు 10 మ్యాచ్‌ల నిషేధం విధించింది. కోచ్‌లు పరిమిత సంఖ్యలో సమీక్ష కోరగలిగే, తక్కువ కెమెరాలతో నడిచే కొత్త విధానాన్ని 2024 నుంచి ఫీఫా తన పోటీలలో పరీక్షిస్తోంది. ఖర్చు భరించలేని లీగ్‌లకు అది మేలైన దారి కావచ్చు.

మిగిలిన పని

ఈ సమీక్షలో తేలిన అంశాలు మూడు. కొలవగల వాస్తవాలను యంత్రానికి అప్పగించడం ఫలించింది, దాన్ని వెనక్కి తీసుకోవలసిన అవసరం లేదు. వ్యాఖ్యానం అవసరమైన చోట వీడియో ఘోరమైన పొరపాట్లను తగ్గించగలదు, భిన్నాభిప్రాయాన్ని రద్దుచేయలేదు; అక్కడ కావలసింది తీర్పుకు కారణం చెప్పడం, 2023 మహిళల ప్రపంచ కప్‌లో రిఫరీలు వీడియో సమీక్ష ఫలితాన్ని మైకులో స్టేడియం అంతటికీ ప్రకటించడం ఆ దిశలో మంచి అడుగు. మూడోది, అన్నిటికన్నా తక్కువ చర్చకు వచ్చినది, శిక్ష పరిమాణం. గోల్ అవకాశాన్ని దెబ్బతీయని ఫౌల్‌కు పెనాల్టీకి బదులు అక్కడినుంచే ఫ్రీ కిక్ ఇవ్వడం, ఫౌల్‌నూ అతిశయాన్నీ ఒకేసారి శిక్షించే వీలు కల్పించడం, నిలబడి ఆడబోయినవాడికి కూడా ఫౌల్ దక్కుతుందన్న నమ్మకం కలిగేలా రిఫరీలు తీర్పులివ్వడం వంటి మార్పులు డైవింగ్‌కు ఉన్న ప్రతిఫలాన్నే తగ్గిస్తాయి. గోల్ కాబోతున్న బంతిని చేతితో ఆపే డిఫెండర్‌ను దృష్టిలో పెట్టుకుని 1891లో తయారైన శిక్షను, గోల్‌కు దూరంగా ఏరియా మూలలో జరిగిన చిన్న తప్పుకూ అదే కొలతతో విధిస్తున్నంత కాలం ఎన్ని కెమెరాలు పెట్టినా రిఫరీ మీద భారం తగ్గదు. సవరించవలసినది అతని చూపుకన్నా ముందు అతని చేతికిచ్చిన తూకం.